పరుగెత్తే రాయి ద్రవ్యరాశి

హేమ్లికి ఫిజిక్సులో ముప్పై ఒకటి వచ్చిందని తెలిసిన రోజు, సనోబర్ మేడం టీ గ్లాసును బల్ల మీద పెట్టిన చప్పుడుకు పక్కగదిలోని క్లర్కు లేచి వచ్చి తొంగి చూశాడు. పాసు కావాలంటే ముప్పై అయిదు రావాలి. ఫస్టియర్ బీయస్సీ క్లాసులో ఉన్నది ఇరవై ముగ్గురు. అందులో ఇరవై ఇద్దరు పాసయ్యారు. గైడు బట్టీ పట్టినవాళ్ళు పాసయ్యారు. బరువుకూ ద్రవ్యరాశికీ తేడా ఏమిటని అడిగితే ఫ్యాను వంక చూసేవాళ్ళూ పాసయ్యారు. బుర్ర పెట్టి ఆలోచించే పిల్ల క్లాసు మొత్తానికి ఒక్కతే ఉంటే, ఆ ఒక్కతే తప్పింది. ఇంతకన్నా అన్యాయం ఇంకేముంటుంది అనుకుంది సనోబర్. ఉంటుంది. అది చూడడానికి ఆమెకు ఇంకో మూడు వారాలు పట్టింది.

అది రెండువేల ఆరో సంవత్సరం. అశ్వారావుపేటలో ట్రాక్టరు సామాన్ల దుకాణం పైన రెండంతస్తుల్లో నడిచే డిగ్రీ కాలేజీ అది. కింద సుత్తి దెబ్బలు మొదలైతే పైన పాఠం ఆపాల్సిందే. పామాయిల్ గెలల లోడుతో ట్రాక్టరు పోతుంటే కిటికీ రెక్కలు గడగడలాడతాయి. సనోబర్ అక్కడ ఫిజిక్సు పార్ట్‌టైమ్ లెక్చరర్. సొంతూరు ఖమ్మం. ఎమ్మెస్సీ ఫస్టు క్లాసులో పాసై, ఇంత దూరం వచ్చి కిరాయి గదిలో ఎందుకుంటున్నావని చుట్టాలు అడిగితే, "ఈడ పిల్లలు లేరా ఏంది?" అని ఎదురడిగేది. కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ ఆ కోపం ఎప్పుడూ పిల్లల మీదికి పోయేది కాదు, పుస్తకాల మీదికి పోయేది. అచ్చులో ఉన్నది కదా అని తప్పును మోయడం ఆమెకు చేతకాదు. ఆ చేతకానితనం తండ్రి నుంచి వచ్చింది.

తండ్రి జానీ మియాకు గాంధీచౌక్ వెనక సందులో తరాజులు బాగుచేసే దుకాణం ఉండేది. ముల్లు సరిచెయ్యడం, గొలుసులు మార్చడం, అరిగిన తూకపు రాళ్ళను మళ్ళీ సరైన తూకానికి తేవడం ఆయన పని. ఇనుప రాయి అడుగున చిన్న గుంత ఉంటుంది. ఆ గుంతలో సీసం పోసి తూకం సరిచేస్తారు, సర్కారు ముద్ర ఆ సీసం మీదే పడుతుంది. మోసం చేసేవాళ్ళు లోపలి సీసం తవ్వేసి, పైన పలుచగా రేకులాగా పోయిస్తారు. చూడడానికి రాయి రాయిలాగే ఉంటుంది. జానీ మియా అటువంటి రాయిని చేత్తో ఎత్తి చూసేవాడు కాదు. గొలుసుకు వేలాడదీసి, ఒక్క వేలితో పక్కకు నెట్టేవాడు. అది ఎంత మొండికేస్తుందో ఆ వేలికి తెలిసిపోయేది. ఆ తర్వాతే తరాజులో పెట్టి రుజువు చేసేవాడు.

"భూమి దీన్ని కిందికి గుంజేది ఒక సంగతి బేటీ. నేను నెడితే ఇది నాకు అడ్డం తిరిగేది ఇంకో సంగతి," అనేవాడు. "రెండిటికీ సంబంధం ఉండాల్నని ఏం లేదు. కానీ ఎన్నడూ తేడా రాదు. ఎందుకో నాకు తెల్వది. నీ సదువుల ఉంటే నాకు చెప్పు."

ఆయన అడిగిన ప్రశ్నకు తుల్యతా సూత్రమని ఒక పేరుందనీ, గురుత్వాకర్షణ గురించిన ఆధునిక సిద్ధాంతమంతా ఆ 'ఎన్నడూ తేడా రాదు' అనే మాట మీదే నిలబడిందనీ సనోబర్‌కు ఎమ్మెస్సీలో గానీ తెలియలేదు. ఆ రాత్రే ఖమ్మానికి ఫోను చేసి తండ్రికి చెప్పింది. ఆయన అంతా విని, "పేరు పెట్టిన్రు సరే, ఎందుకో చెప్పిన్రా మరి?" అన్నాడు.

హేమ్లి కూడా ఆ తీరు మనిషే. ములకలపల్లి అవతల తండా వాళ్ళది. అమ్మ ద్వాలి, నాన్న మంగీలాల్ పామాయిల్ తోటల్లో కూలికి పోతారు. ఆయన గెలలు కోస్తాడు, ఆమె రాలిన పండ్లు ఏరుతుంది. హేమ్లి అశ్వారావుపేటలో బాలికల హాస్టల్లో ఉండి చదువుతోంది. క్లాసులో రెండో బెంచీలో గోడ వైపు కూర్చుంటుంది. నెలకు ఒక్క ప్రశ్న అడుగుతుంది. ఆ ఒక్కదానికి జవాబు చెప్పడానికి సనోబర్ వారం రోజులు చదువుకోవాల్సి వచ్చేది.

సాపేక్షతా సిద్ధాంతం పాఠంలో పుస్తకం ఒక మాట చెబుతుంది. వేగం పెరిగేకొద్దీ వస్తువు ద్రవ్యరాశి పెరుగుతుందట, కాంతి వేగానికి దగ్గరవుతుంటే అంతు లేకుండా పెరిగిపోతుందట. సనోబర్ ఆ వాక్యం చదివి పుస్తకం మూసింది. అప్పుడు హేమ్లి లేచింది.

"మేడం, నేను బస్సుల పోతున్న. రోడ్డు పక్కన నిలవడ్డోళ్ళకు నేను ఉరుకుతున్నట్టు కనవడత. నాకేమో వాళ్ళే ఎనుకకు ఉరుకుతున్నట్టు కనవడతరు. మరి ద్రవ్యరాశి ఎవరిది పెరిగినట్టు?"

క్లాసు నవ్వింది. సనోబర్ నవ్వలేదు.

"ఎవరిదీ పెరగలే," అంది. "మీరు కూర్చున్న బస్సు ఎంత జోరుగ పోతే మాత్రం మీ లోపలి సరుకు ఎందుకు పెరుగుతది? చూసేటోడు మారితే మారేవి రెండు. ఒకటి శక్తి, ఇంకోటి ద్రవ్యవేగం. ఎవరు చూసినా మారకుండ ఉండేది ద్రవ్యరాశి. అది వస్తువు సొంతం, చూసేటోనిది కాదు."

ఆ వారమంతా అదే పాఠం. మూత బిగించి దమ్ పెట్టిన బిర్యానీ డేగ్చాను ఉదాహరణగా తీసుకుంది. డేగ్చా కదలడం లేదు, కానీ లోపలికి వేడి చేరింది. ఆ వేడి కూడా శక్తే కాబట్టి డేగ్చా ద్రవ్యరాశి నిజంగానే పెరుగుతుంది. పెరిగేది ఎంత? మిల్లీగ్రామును పదివేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత కూడా ఉండదు, మా నాన్న తరాజుకు అందదు అని చెప్పింది. మరి పరుగెత్తే రాయికి ఎందుకు పెరగదు? ఎందుకంటే దాని పరుగు మనం చూసే చోటును బట్టి ఉంటుంది. రాయితో పాటు పరుగెత్తేవాడికి అది నిలబడే ఉంది. డేగ్చాలో వేడి అట్లా కాదు, ఎవరు చూసినా అది లోపలే ఉంది. ఆ సిద్ధాంతాన్ని కన్న శాస్త్రవేత్తే పెద్ద వయసులో ఒక ఉత్తరంలో, ఈ పెరిగే ద్రవ్యరాశి అనే మాట వాడకపోవడమే మంచిదని రాశాడని కూడా చెప్పింది.

వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు. "పరీక్షల ఏది రాయాలె మేడం?"

"సమజైంది రాయుర్రి. మార్కులు అవే వస్తయి."

ఈ ఒక్క మాట అన్నందుకు సనోబర్ తర్వాత తనను తాను ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు. ఇరవై ఇద్దరు ఆ మాట పట్టించుకోకుండా గైడులో ఉన్నదే రాసి బతికిపోయారు. నమ్మింది ఒక్కతే.

పరీక్షలో పదిహేను మార్కుల ప్రశ్న వచ్చింది. వేగంతో ద్రవ్యరాశి మారే సమీకరణాన్ని రాబట్టి వివరించమన్నారు. హేమ్లి తనకు అన్నిటికన్నా బాగా వచ్చింది అదే కదా అని దాంతోనే మొదలుపెట్టింది. ఆరు పేజీలు రాసింది. గంటంబావు పోయింది. తల ఎత్తి గోడ గడియారం చూసేసరికి మిగిలినవాటికి సమయం చాలలేదు. ఒక పెద్ద ప్రశ్న మొదలుపెట్టి సగంలో వదిలేసింది. అయినా ఫరవాలేదు, ఆ ఆరు పేజీలకు సగం మార్కులు పడ్డా హాయిగా పాసవుతుంది. పాసు కాలేదంటే ఆ ఆరు పేజీలకు ఏం పడ్డట్టు?

ఇక్కడే అసలు చిక్కు. హాస్టల్లో వచ్చే ఏడు సీటు ఉండాలంటే అన్ని పేపర్లూ పాసయి ఉండాలి. జూలై నెలాఖరుకు లిస్టు గోడకు అంటిస్తారు. ఒక్కటి పోయినా పేరుండదు. హాస్టల్ లేకపోతే తండా నుంచి రెండు బస్సులు మారి రావాలి, అందులో ఒకటి వానాకాలం నడవదు. అంటే చదువు ఆగిపోయినట్టే. అమ్మ పక్కన చేరి రాలిన పామాయిల్ పండ్లు ఏరుకోవాల్సిందే. మార్కుల కాగితం పట్టుకొని హేమ్లి ఏడవలేదు. "నేను తప్పు రాసిన్నా మేడం?" అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్నకు సనోబర్‌కు కడుపు మండిపోయింది. ఫెయిలు చేసింది చాలక, సరైనది రాసిన పిల్ల నోటితో తప్పు రాశానా అని కూడా అడిగిస్తారా!

ప్రిన్సిపాల్ జయరాజ్ సారు చెడ్డవాడు కాదు. భయస్తుడు. "సిలబస్‌ల ఏముంటే అది చెప్పాలె మేడం," అన్నాడు. "మీరు చెప్పేది కరెక్టే కావచ్చు. మనకెందుకీ తకరారు?"

"పిల్ల బతుకు సార్ అది. తకరార్ కాదు."

పునర్ మూల్యాంకనానికి అర్జీ పెట్టుకున్నవాళ్ళకు యూనివర్సిటీ ఆఫీసులో పేపరు ఎదురుగా చూపిస్తారు. జూలై మూడోవారంలో ఇద్దరూ మొదటి బస్సెక్కి, దారిలో ఇంకో బస్సు మారి, పదకొండు గంటలకు అక్కడికి చేరారు. క్లర్కు ట్వైన్ దారం కట్టిన కట్టల్లోంచి పేపరు వెతికి తీసి బల్ల మీద పడేశాడు.

ఆరు పేజీల మీదా కిందినుంచి పైదాకా ఒక్కొక్క ఎర్రగీత ఉంది. చివర సున్నా చుట్టి, పక్కన 'జవాబుల కీ ప్రకారం లేదు' అని రాసి ఉంది.

సనోబర్ నిలబడే ఆ ఆరు పేజీలూ చదివింది. సమీకరణం రాబట్టిన తీరులో ఒక్క మెట్టు కూడా తప్పలేదు. గుద్దుకునే రెండు బంతులు, రెండు చోట్ల నుంచి లెక్క, హారంలో వర్గమూలం, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. చివరి వరుసలో పుస్తకం ఆ వర్గమూలాన్ని తీసుకెళ్ళి ద్రవ్యరాశికి అంటగడుతుంది. హేమ్లి దాన్ని ద్రవ్యవేగానికి కట్టింది. అంతే తేడా. దాని కింద తన మాటల్లో ఇలా రాసింది: 'వేగం వల్ల ద్రవ్యరాశి నిజంగా పెరిగితే, చాలా వేగంగా పోయే రాయి ఎప్పుడో ఒకప్పుడు కృష్ణబిలంగా మారాలి. కానీ రాయితో పాటు పోయేవాడికి అది మామూలు రాయి. ఒక్క రాయే ఒకరికి రాయి, ఇంకొకరికి కృష్ణబిలం కాజాలదు. గురుత్వాకర్షణను లెక్క కట్టాలంటే ఒక్క ద్రవ్యరాశి చాలదు, శక్తి, ద్రవ్యవేగం అన్నీ కలిపి చూడాలి.' ఇది సనోబర్ క్లాసులో చెప్పలేదు. ఈ పేరాను చదివినవాడు, అసలు చదివి ఉంటే, ఎర్రగీత ఎట్లా గీయగలిగాడు?

ఆమె గొంతు లేచేసరికి క్లర్కు బెదిరిపోయి ఇద్దరినీ ఫిజిక్సు పరీక్షల బోర్డు చైర్మన్ దగ్గరికి పంపించాడు. చైర్మన్ పెద్ద ప్రొఫెసర్. ముతక ఖద్దరు చొక్కా, మెడలో తాడుకు కట్టిన కళ్ళద్దాలు. ఇద్దరినీ కూర్చోమన్నాడు. పేపరు తీసుకొని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. నాలుగో పేజీలో ఒకసారి వెనక్కి పోయి మళ్ళీ చదివాడు. చివరికి వచ్చేసరికి ఆయన పెదాల మీద చిన్న నవ్వు కనిపించింది.

"ఎవరు చెప్పిన్రమ్మా నీకు?"

"మా మేడం చెప్పిన్రు సార్."

"కృష్ణబిలం ముచ్చట కూడానా?"

"కాదు సార్. అది నేనే అనుకున్న."

ప్రొఫెసర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కరెక్టు రాసింది," అన్నాడు సనోబర్‌తో. "చాలా బాగ రాసింది. ఆ పాతమాట ఇప్పుడు ఎవరూ వాడుతలేరు. మాకూ తెలుసు."

సనోబర్ మనసు ఒక్క క్షణం తేలికపడింది. "మరి సున్నా ఎందుకు సార్?"

"కీల లేదు కద."

"కీ తప్పు గద!"

"కీ తప్పని నేను కాయితం మీద ఒప్పుకుంటే పన్నెండు వేల పేపర్లు మళ్ళ దిద్దాలె మేడం. అయితదా? రెండు జవాబులూ ఒప్పుకోవాలంటే బోర్డు తీర్మానం చెయ్యాలె. బోర్డు కూసునేది డిసెంబర్‌ల. పిల్లను సప్లిమెంటరీ రాయమనుర్రి. కీల ఉన్నట్టు రాస్తే అయిపాయె."

"డిసెంబర్ దాక, సప్లిమెంటరీ దాక ఈ పిల్ల ఏడుంటది సార్? నెలాఖరుకు హాస్టల్ లిస్టు పెడతరు. పేరు లేకుంటే తోటలకు పోతది పండ్లేరనీకి. కరెక్టు రాసిందని మీ నోటితోనే అంటున్నరు. పదిహేను గాకపోతే పదియ్యుర్రి. అయిదియ్యుర్రి!"

ఆమె గొంతు వరండా దాకా వినిపించింది. ప్రొఫెసర్ విసుక్కోలేదు, అదే ఇంకా మంటగా ఉంది. ఆయన సానుభూతిగా తల ఊపి, డ్రాయరులోంచి నిబంధనల పుస్తకం తీసి పేజీలు తిప్పాడు.

"ఒక తొవ్వ ఉంది," అన్నాడు. "కాలేజీల పాఠం తప్పుగ చెప్పినందుకు పిల్ల నష్టపోతే పది మార్కుల దాక కలపొచ్చు, నాకు అధికారం ఉంది. తప్పు చెప్పినట్టు లెక్చరర్ రాసిచ్చి దస్తఖత్ చెయ్యాలె. నకలు ఒకటి మీ ప్రిన్సిపాల్‌కు పోతది. గంతే."

సనోబర్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. సరైనదని ఆయనే ఒప్పుకున్న పాఠాన్ని తప్పని తాను రాసివ్వాలి! పిల్లలకు తప్పు చెప్పిన పుస్తకానికి ఏమీ కాదు. చదవకుండా గీత గీసినవాడికి ఏమీ కాదు. కీ తయారుచేసినవాళ్ళకు ఏమీ కాదు. నకలు చూసి జయరాజ్ సారు వచ్చే ఏడు తనను పిలవడు, పార్ట్‌టైమ్ వాళ్ళను తీసెయ్యడానికి కారణం కూడా అక్కర్లేదు, ఇప్పుడు కారణమూ దొరుకుతుంది. జానీ మియా నలభై ఏళ్ళలో ఒక్క బోలు రాయిని సరైనదని వదిలిపెట్టలేదు. సరైన రాయిని బోలుదని చెప్పమని మాత్రం ఆయన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఇంతటి ఘోరం బజారులో కూడా జరగదు, యూనివర్సిటీలోనే జరుగుతుంది.

లేచి వెళ్ళిపోదామనుకుంది. పత్రికలకు రాద్దామనుకుంది. కోర్టు అనుకుంది. వీటిలో ఏదీ నెలాఖరులోపల తేలదు.

"కాయితం ఇయ్యుర్రి," అంది.

తెల్లకాగితం మీద రాయడం మొదలుపెట్టింది. 'వేగంతో పాటు ద్రవ్యరాశి మారదని నేను నా విద్యార్థులకు బోధించితిని' అని రాసి ఆగింది. ఇది నిజమే. పక్కన కూర్చున్న హేమ్లి ఆ వరుస చదివింది, తర్వాత రాబోయే వరుస ఏమిటో కూడా గ్రహించింది.

"వద్దు మేడం. నేను మళ్ళ రాస్త."

"రాసేదాక ఏడుంటవ్?"

"అమ్మతోని పోత. మీరు తప్పు చెప్పలే. అట్ల రాయకుర్రి."

"హేమ్లీ, నువ్వు నోరు మూస్కో!" అని అరిచింది సనోబర్. జీవితంలో ఆ పిల్ల మీద అరవడం అదే మొదటిసారి. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగానే రెండో వరుస గబగబా రాసేసింది. 'ఇట్లు బోధించుట నా పొరపాటు.' కింద సంతకం పెట్టి కాగితాన్ని బల్ల మీదుగా తోసింది.

ప్రొఫెసర్ ఆ కాగితం చదివి ముద్ర వేశాడు. పేపరు మీద సున్నా పక్కన పది అని రాసి పొట్టి సంతకం పెట్టాడు. ముప్పై ఒకటి నలభై ఒకటైంది. రెండ్రోజుల్లో మెమో వస్తుందని, హాస్టల్ వాళ్ళకు చూపించడానికి ఈలోగా ఒక లెటరు ఇప్పిస్తానని చెప్పాడు. మంచి పని చేశానన్న తృప్తి ఆయన మొహంలో స్పష్టంగా కనిపించింది. అప్పుడు బెల్లు కొట్టి అటెండరును పిలిచి, హేమ్లి పేపరు చేతికిచ్చాడు.

"ఈ ఆరు పేజీలు జల్దీ జిరాక్స్ కొట్టుకరా," అన్నాడు. సనోబర్ వైపు తిరిగి, "మా ఎమ్మెస్సీ పిల్లలకు చూపించాలె మేడం. ఇంత సాఫ్‌గ రాసేటోళ్ళు మా దగ్గర ఒక్కరు లేరు," అన్నాడు.

హేమ్లి క్లాసులో ప్రశ్న అడిగినప్పటి గొంతుతోనే, అంతే మెల్లగా అడిగింది.

"ఎందుకు సార్? మా మేడం చెప్పింది తప్పని మీరు ఇప్పుడే రాయించుకున్నరు. తప్పును ఎమ్మెస్సీ పిల్లలకు ఎందుకు చూపిస్తరు?"

అటెండరు గుమ్మంలోనే ఆగిపోయాడు. ప్రొఫెసర్ కళ్ళద్దాలు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. బల్ల మీద ఉన్న, సనోబర్ రాసిచ్చిన కాగితం వంక చూశాడు. అటెండరు చేతిలోని పేపరు వంక చూశాడు. ఆ పేపరును మళ్ళీ కట్టలో పెట్టేయమని అటెండరుకు చెప్పాడు. సనోబర్ కాగితాన్ని మాత్రం ఫైలులో పెట్టుకున్నాడు.